చప్పుడు

కొరెంటైన్ నది ఒడ్డున మా ఊరికి పేరు లేదు.
నంబరు అరవై నాలుగు.
పక్కది అరవై ఐదు, ఇటుపక్కది అరవై మూడు.
ఎవరో లెక్కపెడుతూ పెడుతూ
మధ్యలో భోజనానికి లేచిపోయినట్టు.

తడిగుడ్డ కింద పిండి నానుతోంది.
చెవి తమ్మె అంత మెత్తన రావాలంటుంది సుమింత్రా ఆజీ.
తన తమ్మె నొక్కుకుంటుంది, నా తమ్మె నొక్కుతుంది,
పిండి నొక్కి పెదవి విరుస్తుంది.
ఇంకో గుక్కెడు నీళ్ళు.

ఉండ చేసి, వత్తి, నూనె రాసి,
నడిమి నుంచి అంచుదాకా ఒక్క కోత.
చుట్టుకుంటూ పోతే
బడి ముందు శనగలమ్మే పిల్లాడి కాగితం పొట్లం.
దాని మొనను లోపలికి నొక్కేయాలి,
మాట మింగినట్టు.

పొయ్యికి రెండు మంటలు, ఎడమది వెలగదు.
తవా ఓడలో వచ్చిందా అని అడుగుతారు చుట్టాలు.
కాదు. న్యూ ఆమ్‌స్టర్‌డామ్ బజారులో
గంటసేపు బేరమాడి కొన్నది.

బుడగలొచ్చాయి. తిప్పాను.
నూనె అద్ది మళ్ళీ తిప్పాను.
"ఇప్పుడు!"
గాల్లోకి ఎగరేసి రెండు అరచేతుల మధ్య తట్టాలి,
పొరలు విడేదాకా, సలసలా కాలుతున్నదాన్ని.
తట్టాను.
"రొట్టె తట్టావా, దోమను కొట్టావా?
నాలుగిళ్ళ అవతలికి వినపడాలి."

ఎందుకే అంత చప్పుడు అంటే
స్టూలు జరుపుకుని కూర్చుంది.

ఎనభైల మొదట్లో గోధుమపిండి నేరం.
బియ్యప్పిండి ఉందిగా, చేసుకోండి అంది రేడియో.
ఆ రొట్టె మడిస్తే విరిగేది,
విరిగి పడదామన్నా నెయ్యి ఎక్కడిది?

అవతలి ఒడ్డు నికెరీ. వేరే దేశం, అవే నీళ్ళు.
జైరామ్ కాకా పడవలో
రొయ్యల బుట్టల అడుగున వచ్చేది పిండి.
పిండి కొద్దీ రొట్టె అంటారు,
మాకు చీకటి కొద్దీ రొట్టె.

వాసనను దాచొచ్చు, పక్కన ఎండుచేప వేయిస్తే సరి.
చప్పుడునెక్కడ దాస్తాం?
ఆ వీధిలో చంటిపిల్లకైనా తెలుసు అది ఏ చప్పుడో.
తువ్వాల్లో చుట్టి, రొమ్ముకి అదుముకుని నలిపేదాన్ని.
పొరలు విడేవి కావు.
చప్పుడు లేని రొట్టె చప్పన, బేటీ.

ఒక రాత్రి మీ తాతకు జ్వరం దిగి ఆకలన్నాడు.
ఆ సంతోషంలో మరిచిపోయి
తట్టేశాను.
ఒకసారి. రెండోసారి.
మూడోసారికి మెట్ల మీద బూట్లు.

కాన్‌స్టేబుల్ హింక్సన్.
తవా చూశాడు, నా చేతులు చూశాడు.
టోపీ తీసి బల్ల మీద పెట్టి కూర్చున్నాడు.
ఒకటి తిన్నాడు.
ఇంకోటి కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు,
వాళ్ళమ్మకట.
దిగుతూ దిగుతూ ఆగి,
"రేపు రాత్రి డ్యూటీ నాది కాదు. ఫ్రేజర్‌ది.
వాడి చెవులు మంచివి" అన్నాడు.

మరి తాత తిన్నాడా?
"సగం."
అంతకంటే చెప్పలేదు. నేనూ అడగలేదు.

మూడో రొట్టె ఎగరేశాను.
అరచేతులు మిరపపళ్ళయ్యాయి,
పొడిపిండి నా కనుబొమల మీద వాలింది.
ఆజీ, వినపడని చెవి నావైపు తిప్పి,
"మళ్ళీ" అంది.

తట్టాను.
కాలవ అవతల మిస్ ఈనా కిటికీ తెరుచుకుంది.
కేకేసింది.
"ఏమంటోంది?" అంది ఆజీ.
ఎన్ని చేస్తున్నారని.
"చెప్పు. పిండి ఉన్నన్ని."